గంటకి 600 రూపాయల వంటిల్లు

ముందు రేట్లు చెప్పేస్తాను. నేను వెళ్లేముందు ఎంత వెతికినా ఒక్కరూ రేటు రాయలేదు, అందరూ "డీఎం చేయండి", అంటే విడిగా మెసేజ్ పెట్టండి, అని రాసి వదిలేశారు. మా విజయనగరంలో రీల్స్ తీసుకోవడానికి గంటల లెక్కన అద్దెకిచ్చే స్టూడియో ఇది. సోమవారం నుంచి శనివారం దాకా గంటకి 600, ఆదివారాలూ పండగ రోజులూ 800. కనీసం రెండు గంటలు తీసుకోవాలి. మన ఫోనుతో మనమే తీసుకుంటే ఈ రేటు. వాళ్ల కుర్రాడు తీయాలంటే గంటకి ఇంకో 500, ఎడిటింగ్ కూడా చేసివ్వాలంటే రీలుకి 300. అడ్వాన్సు 500 ఫోన్‌పే చేయాలి, మనం వెళ్లలేకపోతే అది పోయినట్టే. స్టూడియో పేరు మాత్రం రాయను. నాలుగుసార్లు వెళ్లాను, ఐదోసారి కూడా వెళ్తానేమో, పేరు పెట్టి తిట్టేసి మళ్లీ అవే మెట్లు ఎక్కే ధైర్యం నాకు లేదు.

నాకు 43 ఏళ్లు. మా ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో క్లర్కు. ఇద్దరు పిల్లలు, అత్తగారు, రెండు గదులూ ఒక వరండా ఉన్న ఇల్లు. కరోనా టైంలో అందరిలాగే నేనూ ఫోను పట్టుకుని ఒక పేజీ పెట్టాను. చీరలు, ఇంట్లో చేసుకునే వంటలు, అలమర సర్దుకోవడం, పెరట్లో కరివేపాకు చెట్టు, ఏది దొరికితే అది. దీన్ని లైఫ్‌స్టైల్ అంటారని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలీదు, నేను రోజూ బతికేదానికి అంత పెద్ద పేరు ఉందా అనుకున్నాను. ఇప్పుడు ఇన్‌స్టాలో 4,300 మంది, యూట్యూబ్‌లో 640 మంది. తక్కువే. కానీ మా వీధిలో నేను తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి కూరగాయల బండి అబ్బాయి కూడా "రీల్సక్కా" అంటాడు.

ఇంట్లో తీయడం ఎంత నరకమో తీసేవాళ్లకే తెలుసు. "హాయ్ ఫ్రెండ్స్" అనగానే కుక్కరు కూస్తుంది. అది అయ్యాక మళ్లీ మొదలుపెడితే గ్యాస్ బండలు తెచ్చే ఆటో వస్తుంది. ఆ తర్వాత పక్కింటావిడ గోడ మీంచి "వదినా, కాస్త చింతపండుంటే పెట్టవూ" అంటుంది. అన్నీ సద్దుమణిగాయి అనుకుంటే మా అత్తగారు లోపల్నుంచి "ఎవులితో మాటాడతన్నావే, గోడతోటేటి?" అంటారు. ఆవిడ తప్పేం లేదు, నేను నిజంగా గోడ వైపు తిరిగే మాట్లాడుతున్నాను. ఆ గోడ మీద ఒక తడి మచ్చ ఉంది. రెండు వానాకాలాలుగా పెరుగుతోంది, ఇప్పుడు అచ్చం ఏనుగులా తయారైంది. కామెంట్లలో సగం ఆ ఏనుగు గురించే వచ్చేవి.

అందుకే స్టూడియో.

ఒక మేడ మీద పై అంతస్తు మొత్తం. బయట వరండాలో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, చెప్పుల స్టాండు. లోపలికి వెళ్తే ఒకే పెద్ద హాలు, దాన్ని చెక్క పలకలు అడ్డం పెట్టి ఐదు ముక్కలు చేశారు. ఒక ముక్క వంటిల్లు. ఒక ముక్క పడగ్గది, అంటే మంచం, దాని వెనక చిన్న చిన్న లైట్ల తోరణం. ఒకటి బాల్కనీ, ప్లాస్టిక్ కాగితం పూల తీగ, ఉయ్యాల కుర్చీ, ఎదురుగా "ఆకాశం". ఆకాశం అంటే నీలం రంగు వేసిన గోడే, కెమెరాలో మాత్రం నమ్మేలా ఉంటుంది. ఒకటి పూజగది, ఇత్తడి కుందులు, గంటలు, బంతిపూల దండలు, అన్నీ ఉతుక్కోగలిగే రకం. దీపాలు బ్యాటరీవి, అగ్గిపుల్ల వెలిగించడానికి ఒప్పుకోరు. ఐదోది ఇటుక గోడ. అది వాల్‌పేపరు. దగ్గరికి వెళ్తే ఒక మూల లేచిపోయి ఉంది. 1713లో కట్టిన కోట ఊరి నడిబొడ్డున పెట్టుకుని, దాని గోడ పక్కన ఉచితంగా నిలబడే అవకాశం ఉండి, మేమంతా లైనులో కూర్చుని కాగితం ఇటుకల ముందు నిలబడడానికి గంటకి 600 ఇస్తున్నాం. ఇది నాకు మూడోసారి వెళ్లినప్పుడు తట్టింది. తట్టినా ఆ రోజు అక్కడే నాలుగు రీల్స్ తీసుకున్నాను. ఎందుకంటే కోట దగ్గర నిలబడితే తెలిసినవాళ్లు ఆగి "ఏటమ్మా, ఎవరికోసం చూస్తున్నావు?" అంటారు, కాగితం ఇటుకలు ఏమీ అడగవు.

వంటిల్లు గురించి వివరంగా రాయాలి, నేను డబ్బు కట్టింది ముఖ్యంగా దానికే. తెల్లటి అరలు, తెల్లటి గట్టు, గాజు సీసాల్లో రంగురంగుల పప్పులు, ఒక నీలం కెటిల్, కుండీలో ప్లాస్టిక్ తులసి. గట్టు మీద ఇండక్షన్ పొయ్యి. ఇంత అందమైన వంటింట్లో ఒకే ఒక్క నియమం: పోపు పెట్టకూడదు. నేను మొదట జోకు అనుకున్నాను. కాదు, బోర్డు కూడా పెట్టారు, "నూనె మరిగించరాదు, పోపు పెట్టరాదు". పొగకి తెల్ల గోడ పసుపెక్కిపోతుందట. నేను వెళ్లింది పనసపొట్టు ఆవపెట్టిన కూర చూపించడానికి. పోపు లేకుండా ఆ కూర ఎలా చూపించాలి? ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ చిటపటలాడే చప్పుడు లేకపోతే అది ఏ కూరో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? చివరికి రెండోసారి ఇంట్లోనే వండేసి, క్యారేజీలో పెట్టుకెళ్లి, అక్కడి బాణలిలో పోసి గరిటె తిప్పాను. ఆవిరి లేదే అన్నాను. అక్కడి కుర్రాడు ఎక్కడికో వెళ్లి, జలుబు చేస్తే ఆవిరి పట్టుకునే మిషన్ తెచ్చి బాణలి వెనక పెట్టాడు. పొగలు కక్కే కూర! పోపు చప్పుడు యూట్యూబ్‌లో ఎవరో ఫ్రీగా పెట్టిన సౌండు అతికించాం. ఆ రీలు కింద ఒకావిడ "అక్కా వాసన ఇక్కడిదాకా వస్తోంది" అని రాసింది. వచ్చేది విక్స్ వాసన తల్లీ. కూర పోసినందుకు బాణలి కడిగే చార్జి అని 200 వేరే తీసుకున్నారు. ఇది ముందు చెప్పలేదు, నాకు ఇప్పటికీ మండుతోంది.

ఇంకో మోసం లాంటిది ఏంటంటే గడియారం. మనం లోపలికి అడుగుపెట్టగానే టైం మొదలు. చీర మార్చుకునే టైం కూడా అందులోనే. నాలుగు చీరలు తీసుకెళ్తే, ఒక్కోదానికి కుచ్చిళ్లు పెట్టి పిన్నులు గుచ్చేసరికి పది నిమిషాలు, అంటే రెండు గంటల్లో నలభై నిమిషాలు బాత్రూంలోనే పోతాయి. అద్దం చిన్నది, లైటు లేదు. అనుభవం మీద చెప్తున్నాను, మొదటి చీర ఇంటి దగ్గరే కట్టుకుని వెళ్లండి, మిగతావాటికి కుచ్చిళ్లు ముందే పెట్టి క్లిప్పులు వేసి సంచిలో పెట్టుకోండి, జాకెట్టు అన్నిటికీ ఒకటే నడిచేలా చూసుకోండి. నెలకి సరిపడా రీల్స్ ఒక్కరోజే తీసేవాళ్లంతా చేసేది ఇదే. మీరు చూసే "ఈ రోజు మా ఇంట్లో", "మర్నాడు మా ఇంట్లో", "ఆదివారం మా ఇంట్లో" అన్నీ ఒక మంగళవారం పదకొండు నుంచి ఒంటిగంట మధ్య జరిగినవే.

వరండాలో కుర్చీల గురించి చెప్పాలి. నన్నడిగితే ఆ 600లో సగం విలువ అక్కడే ఉంది. మన వంతు వచ్చేదాకా కూర్చోవాలి, ముందువాళ్లు ఎప్పుడూ లేటే. నెల్లిమర్ల నుంచి ఒక అమ్మాయి చక్రాల సూట్‌కేసుతో వచ్చింది, ఏ విమానం దిగిందో అనుకున్నాను, అందులో ఉన్నవి తొమ్మిది డ్రెస్సులు, ఒక్కదానికీ ట్యాగు తీయలేదు, షాపుకి తిరిగి ఇచ్చేయాలట. గజపతినగరం నుంచి ఒక అబ్బాయి, జిమ్ రీల్స్ చేస్తాడు, అతని టిఫిన్ డబ్బాలో గుడ్లు తప్ప ఏమీ లేవు, నన్ను తినమన్నాడు కూడా. చీపురుపల్లి వైపు నుంచి ఒక మామ్మగారు మనవడితో వస్తారు, పాత రోజుల కబుర్లు చెప్తారు. ఆవిడకి ఈ బాల్కనీ, మంచం ఏమీ అక్కర్లేదు, ఉయ్యాల కుర్చీ ఒక్కటి చాలు, ఊగుతూ చెప్పుకుపోతారు, ఊగితే ఫోకస్ పోతోందని మనవడు గోల. వీళ్లెవరినీ నేను ఇంకెక్కడా కలిసేదాన్ని కాదు. ఎవరికి ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఏ షాపువాళ్లు ఏమిచ్చారు, ఎవరు డబ్బులు ఎగ్గొట్టారు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

అక్కడే నాకు అసలు డబ్బు సంగతి కూడా అర్థమైంది. బయటివాళ్లు అనుకున్నట్టు వ్యూస్ రాగానే ఎవరూ మన ఖాతాలో డబ్బు వేయరు. ఇన్‌స్టాలో నాలాంటి పేజీకి వచ్చేదంతా షాపులవాళ్లు ఇచ్చేదే. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటలు జనం మన వీడియోలు చూసి ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి, అంటే చిన్న వీడియోలకి, కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైం ఆ 4,000 గంటల్లోకి రాదు. ఇది తెలియక నేను ఏడాదిన్నర షార్ట్సే పెట్టుకుంటూ పోయాను, నా గంటలు ఇప్పటికి 212. ఆ జిమ్ అబ్బాయికి 10 డాలర్లు దాటాయని గూగుల్ నుంచి పిన్ నంబరుతో పోస్టులో ఉత్తరం వచ్చిందట. అడ్రసు నిజమో కాదో చూడడానికి వాళ్లు కాగితం ఉత్తరమే పంపుతారు. పోస్ట్‌మేన్ ఆ కవరు చూసి వాళ్ల నాన్నకి "మీవాడికి ఫారిన్ ఉద్యోగమా" అన్నాడట. వాడు ఆ ఉత్తరాన్ని లామినేషన్ చేయించి ఫోను కవరు వెనక పెట్టుకున్నాడు. 100 డాలర్లు దాటితే కానీ డబ్బు బ్యాంకులో పడదు, ఇంకా దాటలేదు. అయినా లామినేషన్ చేయించుకున్నాడు, నాకది చాలా నచ్చింది.

ఇక షాపులవాళ్లు. మన ఊళ్లో "బార్టర్" అంటే చీర ఇస్తారు, మనం రీలు చేస్తాం, చీర మనకే. ఇది పుస్తకంలో ఉన్న అర్థం. నిజంగా జరిగేది: చీర ఇస్తారు, ఫాల్ కుట్టకూడదు, పిన్ను గుచ్చకూడదు, పౌడరు అంటకూడదు, సాయంత్రానికి మడత పెట్టి ఇచ్చేయాలి. రీలు మాత్రం మన పేజీలో పర్మనెంటు. మొదటిసారి ఒక షాపు చీర కట్టుకుని ఉయ్యాల కుర్చీలో కూర్చున్నప్పుడు, దాని ఇనుప చువ్వకి కొంగు తగులుకుంటుందేమో అని నేను పడ్డ టెన్షన్ ఆ రీలులో నా మొహం చూస్తే తెలుస్తుంది, కామెంట్లలో "సిగ్గు పడుతున్నారు అక్కా, క్యూట్" అని రాశారు.

ఇంకోటి కూడా అడిగాను. మనకి ఉచితంగా ఏదైనా ఇస్తే, డబ్బైనా చీరైనా డిస్కౌంటైనా, అది ప్రకటన అని వీడియోలోనే, మనం మాట్లాడే భాషలోనే చెప్పాలని వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తే చట్టం ప్రకారం 10 లక్షల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. స్టూడియో ఓనరుగారిని "మరి మనం ఎక్కడ రాయాలి?" అంటే "అవన్నీ హైదరాబాదు వాళ్లకి మేడమ్, మనకెందుకు ఒగ్గేయండి" అన్నాడు. ఆయన ఒగ్గేసినా చట్టంలో విజయనగరానికి మినహాయింపు ఏమీ లేదు. నేను ఇప్పుడు మొదట్లోనే "ఈ చీర షాపువాళ్లు ఇచ్చారండీ, ప్రచారం కోసమే చెప్తున్నాను" అని నోటితో చెప్పేస్తున్నాను. ఒక షాపాయన అది తీసేయమన్నాడు. తీయను అంటే చీర తీసుకుపోయాడు. ఏడాదికి 20,000 దాటి ఉచిత వస్తువులిస్తే ఇచ్చేవాళ్లు 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, కట్టాలని 2022 జూలై నుంచి ఉందని మా ఆయన ఇంకో రూలు తీసుకొచ్చి భయపెట్టాడు. ఆ భయం పడే స్థాయికి ముందు నన్ను రానివ్వండి.

ఇప్పుడు ఆ నీలం కెటిల్ కథ. మొదటిసారి తీసిన రీలుకి "మా వంటింట్లో ఉదయం" అని పెట్టాను. పెట్టేటప్పుడు అబద్ధం అని కూడా అనిపించలేదు, అందరూ అలాగే రాస్తారు. మూడో రోజు ఒకమ్మాయి కామెంటు: "అక్కా, ఈ కెటిల్ శ్రీకాకుళం అక్క ఇంట్లో కూడా ఉంది, ప్లాస్టిక్ తులసి కూడా, మీరు తోడికోడళ్లా?" దాని కింద ఇంకొకరు, "కాదు, ఇది ఫలానా వాళ్ల వంటిల్లు కూడా". ఒక గంటలో పదిహేడు కామెంట్లు, ఎవరెవరు ఆ కెటిల్ పక్కన టీ తాగారో లిస్టు రాశారు. అందులో సొంత ఇల్లు కట్టుకున్నాం అని గృహప్రవేశం రీలు పెట్టినావిడ కూడా ఉంది, పాపం. మా అత్తగారు ఆ కామెంట్లన్నీ మా అబ్బాయితో చదివించుకుని విన్నారు, "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని ఒక్క ముక్క అని మళ్లీ సీరియల్ పెట్టుకున్నారు. నేను రీలు తీసేద్దామనుకున్నాను. తీయలేదు, క్యాప్షన్ మార్చి "అద్దె స్టూడియోలో" అని రాశాను. అలా రాశాక వ్యూస్ ఏమీ తగ్గలేదు. ఎవరికీ పట్టలేదు.

స్టూడియోలో నిజంగా డబ్బుకి తగ్గది ఏదైనా ఉందంటే ఆ కుర్రాడే. పాతికేళ్లు ఉంటాయి. బొబ్బిలి దగ్గర పల్లె. టిక్‌టాక్ ఉన్న రోజుల్లో పొలం గట్ల మీద డ్యాన్సులు వేసేవాడట, లక్ష మంది దాకా ఉండేవారని చెప్పాడు. 2020 జూన్ 29న బ్యాన్ అని వార్త వచ్చిన రాత్రి వాళ్ల ఊళ్లో ముగ్గురు కుర్రాళ్లు గుడి అరుగు మీద కూర్చుని తెల్లవార్లూ పాత వీడియోలు డౌన్‌లోడ్ చేసుకున్నారట. ఆ తర్వాత ఇన్‌స్టాలో మళ్లీ మొదలుపెడితే అదే పొలం, అదే డ్యాన్సు, రెండు వందల మంది కూడా రాలేదు. ఇప్పుడు వేరేవాళ్ల ఉదయాలు తీసిపెడుతున్నాడు. మొదట "మేడమ్" అన్నాడు, క్యారేజీలో కూర పెట్టాక "అక్కా" అన్నాడు.

అతను చెప్పినవి నాకు ఏ కోర్సులోనూ దొరకలేదు. ఫోనులో మన మొహం చూసుకుంటూ మాట్లాడకూడదు, పైన ఉన్న లెన్సు చుక్కని చూడాలి, లేకపోతే కళ్లు పక్కకి చూస్తున్నట్టు ఉంటాయి. తీసేముందు లెన్సు ఒకసారి కొంగుతో తుడుచుకోవాలి, మన ఆడవాళ్ల ఫోన్లకి ఎప్పుడూ నూనె చేతులే. కళ్లజోడు ఉంటే రింగ్ లైటు ఎదురుగా పెట్టకూడదు, రెండు అద్దాల్లో రెండు గుండ్రాలు కనిపించి గుడ్లగూబలా ఉంటాం, పక్కకి, కాస్త పైకి పెట్టాలి. కాలరు మైకుని పట్టుచీర కొంగు మీద పెడితే గరగరలాడుతుంది, జాకెట్టు అంచుకి పెట్టాలి. తెల్ల చీరకి లైటు తగ్గించాలి. ఇది నా పొందూరు ఖాదీ చీర వల్ల తెలిసింది. ఆ చీర రింగ్ లైటు కింద పెడితే నేత కనబడకుండా ఒట్టి తెల్ల గుడ్డ ముద్దలా వచ్చింది. అతను లైటు ఆపేసి కిటికీ తెర తీసి తీస్తే దారం దారం కనిపించింది.

ఆ రీలులోనే నేను పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి శుభ్రం చేస్తారని, అందుకే నూలు అంత సన్నగా వస్తుందని చెప్పాలనుకున్నాను. రెండు నిమిషాలు రాసుకుని వెళ్లాను. "అక్కా, అంత చెప్తే పైకి తోసేస్తారు, ఇరవై సెకన్లలో చెప్పండి" అన్నాడు. చేప దవడ ఇరవై సెకన్లలో ఎలా చెప్తాను? చెప్పాను. కామెంట్లు తొంభై వచ్చాయి, ఎనభై "రేటెంత అక్కా". మిగిలిన పదిలో ఒకటి, "చేప వాసన వస్తుందా?"

ఒకసారి లైట్లు సర్దుతూ మెల్లగా అన్నాడు, "ఈ వెలుతురు మీ డాబా మీద పొద్దున్న ఏడింటికి ఫ్రీగా వస్తాది కదక్కా, ఇక్కడికెందుకు?" ఓనరు వింటే వాడి ఉద్యోగం పోయేది. నేను ఆ రాత్రి ఆలోచించాను, నిజమే కదా, ఎందుకు వెళ్తున్నాను అని. డాబా మీద వెలుతురు ఉంది. పెద్దచెరువు గట్టు ఉంది, రామతీర్థం కొండ ఉంది, కాస్త దూరం వెళ్తే చింతపల్లి బీచి ఉంది. కానీ డాబా ఎక్కితే పక్కింటి డాబా మీద వడియాలు పెట్టేవాళ్లు, ఎదురింటి డాబా మీద ట్యాంకు చూసుకునేవాళ్లు, వీధిలో పాలవాడు. వాళ్లు ఏమీ అనరు. చూస్తారంతే. నలభై మూడేళ్ల ఆడమనిషి ఫోను ముందు పెట్టుకుని నవ్వి, నవ్వు బాగా రాలేదని మళ్లీ నవ్వి, మూడోసారి నవ్వడాన్ని చూస్తారు. నేను పెళ్లయ్యాక ఈ ఇరవై ఏళ్లలో తలుపు వేసుకుని ఒక్కదాన్నే రెండు గంటలు ఒక గదిలో ఉన్నది స్టూడియోలోనే మొదటిసారి. "అమ్మా, టవలు" అనేవాళ్లు లేరు. ఏసీ ఉంది. మొదటిరోజు చివరి పావుగంట నేను ఏమీ తీయలేదు, ఆ దొంగ బాల్కనీలో ఊగుతూ కూర్చున్నాను. ఆ పావుగంట ఖరీదు 150 రూపాయలు, నాకేం బాధ లేదు.

బాధ ఉన్నవి వేరే ఉన్నాయి. మూడోసారి కరెంటు పోయింది, జనరేటర్ చార్జి అని 100 తీసుకున్నారు, జనరేటర్ మీద ఏసీ వేయరు, ఆ లైట్ల కింద చెమటకి నా మేకప్ కారి మెడ దాకా వచ్చింది. ఆగిపోయిన పన్నెండు నిమిషాలు కలపమంటే కలపలేదు. ఏసీ వేస్తే గుయ్యిమని చప్పుడు మైకులో పడుతుంది, ఆపితే ఉక్క, ఏదో ఒకటి ఎంచుకోవాలి. కాలరు మైకు అద్దెతోపాటే ఉచితం అన్నారు, చార్జింగ్ ఉండదు.

అన్నిటికంటే చెత్త సంగతి, కౌంటరు మీద పెట్టిన "గ్రోత్ ప్యాకేజ్" కార్డు. 999కి రెండు వేల మంది ఫాలోయర్లు. నేను కొన్నాను. సిగ్గుగా ఉంది కానీ రివ్యూ కాబట్టి చెప్పాలి. రాత్రి పడుకుని లేచేసరికి రెండు వేల మంది వచ్చేశారు, ఒక్కరికీ ఫోటో లేదు, పేర్లు ఏ దేశానివో తెలీదు, ఒకాయన పేరులో పదకొండు అంకెలు ఉన్నాయి. మా వీధిలో కూడా ఇంతమంది లేరు కదా అని రెండు రోజులు సంతోషపడ్డాను. వాళ్లు దేనికీ లైకు కొట్టరు, ఏమీ చూడరు. నెల తిరక్కుండా అందులో పదకొండు వందల మంది మాయమయ్యారు. అంతకుముందు నా రీలు వెయ్యిమందికి చేరేది, వాళ్లు వచ్చాక మూడు వందలు దాటడం కష్టమైంది, కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఫాలోయర్లని కొనడం ఇన్‌స్టా నియమాలకి విరుద్ధం అని కూడా తర్వాతే తెలుసుకున్నాను. ఈ ఒక్కటి మాత్రం వెళ్లేవాళ్లెవరూ కొనకండి. ఆ 999తో ఒక మంచి మైకు వస్తుంది.

లెక్క చెప్తాను. నాలుగుసార్ల అద్దె, అందులో ఒకటి ఆదివారం, 5,200. కుర్రాడు తీసినందుకు ఒకసారి రెండు గంటలకి 1,000. ఐదు రీల్స్ ఎడిటింగ్ 1,500. బాణలి 200, జనరేటర్ 100, దొంగ ఫాలోయర్లు 999, ఆటోలకి 640. మొత్తం 9,639. వచ్చింది: మగ్గం వర్క్ షాపు నుంచి 1,500, పచ్చళ్లు అమ్మేవాళ్ల నుంచి 1,000, ఒక చీర, ఆరు స్టీలు డబ్బాలు. డబ్బాలు మాత్రం బాగున్నాయి, చోడిపిండి, అదే రాగిపిండి, పోసుకున్నాను. మా ఆయనకి ఈ లెక్క ఇంతవరకూ చెప్పలేదు, ఆయన ఇలాంటివి చదవడు అనే ధైర్యంతో రాస్తున్నాను.

ఇక్కడ చాలామంది "ఇంట్లో సహజంగా తీస్తేనే జనం చూస్తారు" అని సలహా ఇస్తారు. నేను అదీ చేశాను. మా అత్తగారు చోడి అంబలి కాస్తుంటే, తిడుతుంటే, గోడ మీద ఏనుగుతో సహా, కుక్కరు చప్పుడుతో సహా తీసి పెట్టాను. నాకు చాలా నచ్చింది. 212 మంది చూశారు, నా యూట్యూబ్ గంటలెన్నో అంతమంది, ఆ అంకె నన్ను వదలడం లేదు. అదే వారం ప్లాస్టిక్ పూల బాల్కనీలో, ఆకాశం రంగు గోడ ముందు, షాపు చీరలో కాఫీ లేని కప్పు పట్టుకుని నవ్విన రీలుకి 38,000. ఎందుకో నాకు చెప్పకండి, నాకూ తెలుసు, ఆ 38,000 మందిలో నేనైనా అంతే, పని చేసుకుని వచ్చి మంచం మీద వాలితే ఇంకొకరి కుక్కరు చూడాలని నాకూ ఉండదు.

కాబట్టి రేటింగు ఐదుకి మూడు. వెలుతురుకి, కుర్రాడికి, తలుపుకి ఒక్కోటి. వెళ్లేవాళ్లు మంగళ, బుధవారాల్లో పొద్దున్న వెళ్లండి, ముందు ఎవరూ ఉండరు. చార్జరు, అద్దం, సేఫ్టీ పిన్నులు, మంచినీళ్లు మీరే తీసుకెళ్లండి. బాణలి ముట్టుకోకండి. కుర్రాడికి ఏదైనా తినడానికి పట్టుకెళ్లండి, మధ్యాహ్నం భోజనానికి టైం ఇవ్వరు వాడికి. ఆడవాళ్లు ఒక్కరే వెళ్లొచ్చా అని అడిగినవాళ్లకి, వెళ్లొచ్చు, తలుపు లోపల్నుంచి గడియ ఉంది, నేను చూసుకున్నాను.

నీలం కెటిల్ ఎక్కడ కొన్నారు అక్కా అని ఇప్పటికీ రోజూ అడుగుతున్నారు. అది నాది కాదు. నాలుగోసారి వెళ్లినప్పుడు నిజంగానే టీ పెట్టుకుందామని అందులో నీళ్లు పోశాను. అడుగున చిల్లు ఉంది.